మార్పు వేళల్లో మనో నిబ్బరం

ఉద్యోగం ఊడటం, ఊరు వదలడం, ఇంటి పెద్ద దిక్కు పోవడం, జబ్బు బయటపడటం, తుపాను, వలస, కొత్త కాపురం: జీవితం ఇలా ఒక్కసారిగా మలుపు తిరిగినప్పుడు మనిషి పూర్తిగా చతికిలపడకుండా రోజులు నెట్టుకురాగలగడం, దెబ్బ తిన్నా కొంతకాలానికి తేరుకోవడం, కొత్త పరిస్థితికి తగ్గట్టు తన పద్ధతులు మార్చుకోవడం, ఈ మూడూ కలిసినదే మనో నిబ్బరం. మనస్తత్వ శాస్త్రంలో దీనికి రిజిలియెన్స్ అన్న పేరు స్థిరపడింది. ఇది కొందరికే పుట్టుకతో దక్కే వరమని చాలాకాలం అనుకున్నారు. దశాబ్దాలుగా పోగుపడిన పరిశోధన ఆ అభిప్రాయాన్ని చాలావరకు తోసిపుచ్చింది. నిబ్బరం మనం అనుకునేదానికంటే మామూలు విషయం. కొంతమేరకు నేర్చుకోదగినది కూడా. అది మనిషి లోపల ఎంత ఉంటుందో, అతని చుట్టూ ఉన్న మనుషుల్లో, ఏర్పాట్లలో అంతకు తక్కువ కాకుండా ఉంటుంది.

శరీరం స్పందించే తీరు

ఒత్తిడి మొదట ఒంటికి సంబంధించిన వ్యవహారం. హార్వర్డ్ విశ్వవిద్యాలయ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ పిల్లుల ముందు కుక్కలను మొరిగించి, ఆ భయానికి వాటి రక్తంలో వచ్చే మార్పులను పరిశీలించాడు. ఎదిరించడానికో పారిపోవడానికో శరీరం క్షణాల్లో సిద్ధపడుతుందన్న ఆయన వివరణ 1915 నాటి పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. గుండె దడ, అరచేతుల్లో చెమట, నోరెండిపోవడం, కడుపులో తిప్పడం, అన్నీ ఆ సన్నాహంలో భాగాలే. కండరాలకు రక్తం, చక్కెర ఎక్కువగా అందుతాయి. జీర్ణక్రియలాంటి అప్పటికప్పుడు అక్కర్లేని పనులు మందగిస్తాయి.

అడ్రినలిన్ పని సెకన్లలో మొదలవుతుంది. దాని వెనకే మెదడులోని హైపోథాలమస్ నుంచి పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులకు కబురు వెళ్లి కార్టిసాల్ విడుదలవుతుంది. రక్తంలో దాని మోతాదు గరిష్ఠానికి చేరడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. గొడవ ముగిసిపోయాక కూడా మనిషి చాలాసేపు కుదుటపడకపోవడానికి ఇదొక కారణం. కోపంలో ఉన్నప్పుడు ఏ నిర్ణయమూ తీసుకోవద్దని పెద్దలు చెప్పే మాటకు శరీరధర్మంలోనే ఆధారం ఉందన్నమాట.

వియన్నాలో పుట్టి కెనడాలోని మాంట్రియల్‌లో స్థిరపడిన హాన్స్ సెల్యే 1936లో 'నేచర్' పత్రికకు ఒక చిన్న లేఖ రాశాడు. ఎలుకలను చలిలో ఉంచినా, గాయపరచినా, శక్తికి మించి పరుగెత్తించినా వాటి లోపల కనిపించిన మార్పులు ఒకటేనన్నది దాని సారం. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, కడుపులో పుళ్లు పడ్డాయి. శరీరం మొదట ఉలిక్కిపడుతుందని, తరువాత ప్రతిఘటిస్తుందని, ఒత్తిడి ఎడతెగకపోతే చివరికి చతికిలపడుతుందని ఆయన మూడు దశలు చెప్పాడు. ఒత్తిడి అనే భావన ప్రపంచమంతా పాకడానికి సెల్యే ప్రచారమే ప్రధాన కారణం. ఆయన సిగరెట్టు పరిశ్రమ నుంచి నిధులు తీసుకున్నాడన్న సంగతి ఆ కంపెనీల పత్రాలు బయటపడ్డాక వివరంగా తెలిసింది. జబ్బులకు పొగ కంటే ఒత్తిడి ముఖ్య కారణమన్న వాదన ఎవరికి లాభమో వేరే చెప్పనక్కర్లేదు.

సెల్యే తరువాతి శాస్త్రవేత్తలు ఈ చిత్రాన్ని సరిదిద్దారు. వారిలో ముఖ్యుడు రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూస్ మెకెవెన్. ఒత్తిడికి శరీరం స్పందించడం ప్రాణరక్షణే, హాని కాదు. అవసరం తీరాక కూడా అది ఆగకపోవడం, నెలల తరబడి కొనసాగడం అసలు ముప్పు. ఆ అరుగుదలకు ఆయన, ఎలియట్ స్టెల్లార్ కలిసి 1993లో అలోస్టాటిక్ లోడ్ అని పేరు పెట్టారు. రక్తపోటు, నిద్రలేమి, పొట్ట చుట్టూ పేరుకునే కొవ్వు, మతిమరుపు ఈ ఖాతాలోకే వస్తాయి.

మార్పును కొలిచే ప్రయత్నం

వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే 1967లో 43 జీవన ఘటనల పట్టిక తయారుచేసి ఒక్కోదానికీ మార్కులు వేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100, విడాకులకు 73, పెళ్లికి 50, ఉద్యోగం పోవడానికి 47, పదవీ విరమణకు 45, ఇల్లు మారడానికి 20. ఏడాదిలో మొత్తం 300 దాటితే జబ్బుపడే అవకాశం ఎక్కువని అంచనా. శుభమైనా అశుభమైనా ప్రతి మార్పూ మనిషి దగ్గర కొంత శక్తిని వసూలు చేస్తుందన్న ఆలోచన ఇందులో కొత్తది. పెళ్లిని ఉద్యోగం పోవడం కంటే పైన పెట్టడం చూసి నవ్వుకున్నవాళ్లూ ఉన్నారు.

పట్టిక ప్రసిద్ధి పొందినంతగా నిలబడలేదు. అమెరికా నౌకాదళంలో దాదాపు 2,500 మంది నావికుల మీద రాహే బృందమే పరీక్షించినప్పుడు మార్కులకూ తరువాత వచ్చిన అనారోగ్యానికీ ఉన్న సంబంధం చాలా బలహీనంగా తేలింది. ఒకే సంఘటన ఇద్దరిని ఒకేలా తాకదు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబు చెప్పినవాడు రిచర్డ్ లాజరస్.

ఆయన బృందం 1960ల్లో చేసిన ప్రయోగాలు నేటికీ చెప్పుకోదగ్గవి. చూడటానికే ఒళ్లు జలదరించే శస్త్రక్రియతో కూడిన ఒక తెగ ఆచారం తాలూకు సినిమాను వేర్వేరు బృందాలకు చూపించారు. బొమ్మ ఒకటే, వెనక వినిపించే వ్యాఖ్యానం మారింది. బాధను నొక్కి చెప్పిన వ్యాఖ్యానం విన్నవారి గుండె వేగం, చర్మపు చెమ్మ పెరిగాయి. పరిశీలకుడిలా తటస్థంగా వివరించిన వ్యాఖ్యానం విన్నవారిలో అవి తగ్గాయి. సుసాన్ ఫోక్‌మన్‌తో కలిసి 1984లో వెలువరించిన గ్రంథంలో లాజరస్ దీన్ని సిద్ధాంతంగా మలిచాడు. మనసు ముందుగా 'ఇది నాకు ముప్పా?' అని, ఆ తరువాత 'దీన్ని ఎదుర్కోవడానికి నా దగ్గర ఏముంది?' అని బేరీజు వేస్తుంది. ముప్పు పెద్దదిగా, చేతిలో ఉన్నది చిన్నదిగా తోచినప్పుడు పుట్టేదే ఒత్తిడి. ఎదుర్కోవడంలోనూ రెండు దారులున్నాయి. సమస్యను సరిచేయడం ఒకటి, సమస్య రేపిన ఉద్వేగాన్ని చల్లార్చుకోవడం ఇంకొకటి. మార్చగలిగినచోట మొదటిది, మార్చలేనిచోట రెండోది మేలు చేస్తుంది. అప్పు వడ్డీ పెరుగుతుంటే కళ్లు మూసుకుని ధ్యానం చేయడం, చనిపోయినవారి విషయంలో 'ఇలా చేసి ఉంటే' అని రోజూ లెక్కలు వేయడం, రెండూ దారి తప్పిన ప్రయత్నాలే.

అనిశ్చితి

మార్పులో మనిషిని ఎక్కువగా కుంగదీసేది నష్టం కాదు, ఏమవుతుందో తెలియకపోవడం. 2016లో లండన్ పరిశోధకులు 45 మంది చేత ఒక కంప్యూటర్ ఆట ఆడించారు. రాళ్ల కింద పాము ఉందో లేదో ఊహించాలి. పాము ఉంటే చేతికి చిన్న కరెంటు షాకు. షాకు తప్పదని తెలిసినప్పటి కంటే, తగలడానికీ తగలకపోవడానికీ సమాన అవకాశం ఉన్నప్పుడే ఒత్తిడి ఎక్కువగా నమోదైంది. అంతకు చాలా ముందే జే వైస్ ఎలుకలతో చేసిన ప్రయోగాలూ ఇదే చెప్పాయి. షాకుకు ముందు శబ్దంతో హెచ్చరిక అందుకున్న ఎలుకల కడుపుల్లో పుళ్లు బాగా తక్కువ. హెచ్చరిక లేకుండా అవే షాకులు తిన్నవాటికి ఎక్కువ.

మనుషుల కొలువుల్లోనూ ఇంతే. బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల మీద దీర్ఘకాలం సాగిన వైట్‌హాల్ అధ్యయనంలో, ప్రైవేటుపరం కాబోతున్న ఒక శాఖ సిబ్బంది ఆరోగ్యం మార్పు జరగకముందే, దాని కోసం ఎదురుచూస్తున్న కాలంలోనే క్షీణించినట్టు తేలింది. అమెరికాలో హెచ్-1బి వీసా మీద పనిచేసే తెలుగువారికి ఇది అనుభవంలో ఉన్న సంగతే. కొలువు పోతే కొత్త యజమానిని వెతుక్కోవడానికి 2017 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఇంటి వాయిదాలు, పిల్లల చదువులు ఆ గడువుకు ముడిపడి ఉంటాయి. చెడు వార్తను దాచిపెట్టడం దయ అనుకునే సంస్థలు, కుటుంబ పెద్దలు గమనించవలసిన విషయం ఇది. తెలిసిన కష్టం కంటే తెలియని ఎదురుచూపే ఎక్కువ తినేస్తుంది.

ఇల్లినాయ్ బెల్ ఉదంతం

సంస్థాగత మార్పు మనుషులను ఏం చేస్తుందో దగ్గర నుంచి చూపిన అధ్యయనం అమెరికా టెలిఫోను రంగంలో జరిగింది. షికాగో విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త సాల్వటోర్ మాడీ 1975లో ఇల్లినాయ్ బెల్ టెలిఫోన్ కంపెనీ మేనేజర్లు సుమారు 450 మందిని ఎంచుకుని ఏటా పరీక్షించడం మొదలుపెట్టాడు. అప్పటికి ఆ కొలువు ప్రభుత్వోద్యోగమంత భద్రం. మాతృసంస్థ ఏటీ అండ్ టీ గుత్తాధిపత్యాన్ని విడగొట్టే ప్రక్రియ 1980ల మొదట్లో ఊపందుకోవడంతో కథ మారింది. 26,000 మంది సిబ్బందిలో ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మంది మిగలలేదు. ఒక మేనేజరుకు ఒకే ఏడాదిలో పదిమంది పైఅధికారులు మారారని, తాము ఏం చేయాలో ఆ పదిమందిలో ఎవరికీ స్పష్టత లేదని మాడీ రాశాడు.

మాడీ లెక్క ప్రకారం మూడింట రెండొంతుల మంది దెబ్బతిన్నారు. పని మందగించడం, గుండెపోటు, కుంగుబాటు, విడాకులు వారిలో కనిపించాయి. మిగతా మూడో వంతు నిలదొక్కుకున్నారు. కొందరైతే మునుపటి కంటే చురుకయ్యారు. మార్పుకు ముందే సేకరించిన వివరాలు చేతిలో ఉండటంతో రెండు వర్గాల మధ్య తేడాను వెతకడం వీలైంది. నిలదొక్కుకున్నవారు మూడు విషయాల్లో ముందున్నారు. పరిస్థితి బాగాలేనప్పుడు దూరంగా జరిగిపోకుండా మనుషులతో, పనితో ముడిపడి ఉండటం. ఎంత చిన్నదైనా తన చేతిలో ఉన్న భాగాన్ని పట్టుకుని దాన్ని మార్చడానికి ప్రయత్నించడం. మార్పును ముప్పుగా కాక ఏదో నేర్చుకునే సందర్భంగా చూడటం. మాడీ శిష్యురాలు సుజాన్ కొబాసా 1979లోనే ఈ మూడింటినీ కలిపి హార్డీనెస్ అని వ్యవహరించింది.

ఈ పరిశోధనకు పరిమితులున్నాయి. కొబాసా తొలి అధ్యయనం మధ్యవయసు మగ అధికారులకే పరిమితం. జీతభత్యాలు బాగా ఉన్నవాళ్లు తట్టుకున్న తీరు దినకూలీకి వర్తిస్తుందా అన్నది న్యాయమైన సందేహం. హార్డీనెస్‌ను నేర్పే శిక్షణ సంస్థను మాడీయే నడిపాడు కాబట్టి ఫలితాల గురించిన ఆయన మాటలను ఆ ఎరుకతోనే చదవాలి. అయితే 'నా చేతిలో ఎంత ఉంది' అన్న అంశం ఎంత ముఖ్యమో వేరే దారిలో వచ్చిన పరిశోధనా బలపరిచింది. తప్పించుకోలేని షాకులు తిన్న కుక్కలు తరువాత తప్పించుకునే వీలున్నా కదలకుండా పడుండటాన్ని మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ 1967లో చూపి, నిస్సహాయత నేర్చుకున్న గుణమన్నారు. దాదాపు అర్ధశతాబ్దం తరువాత, 2016లో, మెదడు పరిశోధనల ఆధారంగా వారిద్దరే ఆ మాటను తిరగేశారు. దీర్ఘమైన బాధలో కదలకుండా పడిపోవడం జీవి సహజ స్వభావం. పరిస్థితి తన అదుపులో ఉందన్న గ్రహింపే నేర్చుకుంటే వచ్చేది. తమ పేరు నిలబెట్టిన సిద్ధాంతాన్ని తామే సవరించుకోవడం శాస్త్రరంగంలో తరచుగా కనిపించదు.

కవాయి పిల్లలు

హవాయి దీవుల్లో ఒకటైన కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ బృందం నలభై ఏళ్లు వెన్నంటి పరిశీలించింది. వారిలో మూడో వంతు మంది పేదరికం, ప్రసవ సమస్యలు, తాగుడు, ఇంటి గొడవలవంటి ప్రతికూలతలు నాలుగో అంతకంటే ఎక్కువో ఉన్న కుటుంబాల్లో పెరిగారు. వీరిలో ఎక్కువమంది చదువులోనో ప్రవర్తనలోనో ఇబ్బందులు పడ్డారు. అయితే ఆ కష్టాల పిల్లల్లో మూడో వంతు, 72 మంది, సమర్థులైన, నమ్మదగిన పెద్దవారుగా ఎదిగారు.

వీరందరిలో కనిపించినది గొప్ప తెలివో మొండితనమో కాదు. తల్లిదండ్రులు చేతకానివాళ్లయినా, కనీసం ఒక పెద్ద మనిషితో గట్టి అనుబంధం ఉండేది: తాత, అమ్మమ్మ, మేనత్త, ఒక ఉపాధ్యాయురాలు, పక్కింటావిడ. బాల్యంలో దారితప్పిన వారిలోనూ చాలామంది ముప్పై ఏళ్లు దాటేసరికి కుదురుకున్నారు. వారిని మలుపు తిప్పినవి సైన్యంలో చేరడం, కమ్యూనిటీ కాలేజీలో మళ్లీ చదువు, నిలకడైన జీవిత భాగస్వామి, ప్రార్థనా సమాజం లాంటివి. రెండో అవకాశం దొరికినవారు దాన్ని వాడుకున్నారు. ఈ తరహా అధ్యయనాలను సమీక్షించిన మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకురాలు యాన్ మాస్టెన్ 2001లో ఒక మాటన్నారు: నిబ్బరం అసాధారణ శక్తుల నుంచి రాదు, ఆప్యాయత, చదువు, ఇరుగుపొరుగు లాంటి మామూలు వ్యవస్థలు సక్రమంగా పనిచేయడం నుంచి వస్తుంది. ఈ రంగంలో ఇంతకంటే పనికొచ్చే వాక్యం తక్కువ.

ఎంతమంది తేరుకుంటారు?

పెద్ద విషాదం తరువాత కొంతకాలం కుప్పకూలి మెల్లగా కోలుకోవడమే సహజమని, ఏడవనివాళ్లు దుఃఖాన్ని అణచుకుంటున్నారని ఒకప్పటి నమ్మకం. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ బొనానో దాన్ని ప్రశ్నించాడు. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత న్యూయార్క్ ప్రాంతంలో 2,752 మందిని విచారిస్తే తొలి ఆరు నెలల్లో 65 శాతం మందిలో ఆఘాత లక్షణాలు ఒకటికి మించలేదు. ఫ్రాంక్ ఇన్ఫర్నా, సునియా లూథర్ 2016లో దీనికి అభ్యంతరం చెప్పారు. గణాంక నమూనాలో చేసే ఊహలను బట్టి ఈ శాతం బాగా మారిపోతుందని, జీవితంలోని అన్ని పార్శ్వాలనూ లెక్కలోకి తీసుకుంటే నిబ్బరం అంత సాధారణం కాదని వారి వాదన. చర్చ ఇంకా తెగలేదు.

బొనానో చేసిన మరో అధ్యయనం వాడుకకు దగ్గరిది. అదే దాడుల తరువాత న్యూయార్క్ కళాశాల విద్యార్థులను పరిశీలిస్తే, ఉద్వేగాన్ని ఎప్పుడూ బయటపెట్టేవారికో, ఎప్పుడూ దాచుకునేవారికో కాక, సందర్భాన్ని బట్టి రెండూ చేయగలిగినవారికి రెండో ఏడాది చివరికి బాధ తక్కువగా ఉంది. ఏడవాల్సిన చోట ఏడవడం, పరీక్ష హాల్లో బిగబట్టుకోవడం రెండూ తెలిసి ఉండాలి.

నెమ్మదించే మార్గాలు

భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడికి నోరెండిపోతుంది, ఒళ్లు వణుకుతుంది, గాండీవం చేజారుతుంది. కానన్ వర్ణించిన స్థితే అది. ఆ కలతకు జవాబుగా స్థితప్రజ్ఞుడి, అంటే సుఖదుఃఖాలకు చలించనివాడి, లక్షణాలు రెండో అధ్యాయంలో వస్తాయి. రోములో బానిసగా బతికి విముక్తి పొందిన ఎపిక్టెటస్ మన వశంలో ఉన్నవాటినీ లేనివాటినీ వేరుచేసి చూడమని బోధించాడు. ఆల్బర్ట్ ఎలిస్, ఆరన్ బెక్ ఇరవయ్యో శతాబ్దంలో రూపొందించిన ఆలోచనా చికిత్సలకు ఎపిక్టెటస్ లాంటి స్టోయిక్ తాత్వికులే మూలమని వారే ఒప్పుకున్నారు.

ఇప్పటి సాధనాల్లో తేలికైనది ఊపిరి. పెద్దవారు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాసిస్తారు. దాన్ని ఆరు సార్ల దాకా తగ్గించి, వదిలే ఊపిరిని కాస్త సాగదీస్తే వేగస్ నాడి ద్వారా గుండె వేగం నెమ్మదిస్తుంది. ఇది సమస్యను తీర్చదు, ఆలోచించగలిగే స్థితికి తెస్తుంది. బౌద్ధ సాధన నుంచి మతాన్ని పక్కనపెట్టి జాన్ కబట్-జిన్ 1979లో మసాచుసెట్స్‌లో ప్రారంభించిన ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ ఆసుపత్రుల్లోకి ప్రవేశించింది. 47 పరీక్షలను కలిపి చూసిన 2014 నాటి సమీక్షలో ధ్యానం ఆందోళనను, కుంగుబాటును ఓ మోస్తరుగా తగ్గిస్తుందని తేలింది. మందులు, వ్యాయామం లాంటి ఇతర చికిత్సల కంటే మెరుగన్న రుజువు మాత్రం దొరకలేదు.

ముఖంలో ఏమీ కనిపించకుండా అణచుకోవడం కంటే విషయాన్ని వేరే కోణంలో చూడటం మేలని స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జేమ్స్ గ్రాస్ ప్రయోగాలు చెప్పాయి. అణచుకున్నవారి శరీరంలో ఉద్రేకం పెరిగింది. మనసులోని బాధను నాలుగు రోజులు, రోజుకు పావుగంట చొప్పున రాయించిన జేమ్స్ పెన్నబేకర్ పద్ధతి ప్రసిద్ధమే కానీ దాని ప్రభావం చిన్నది. తోడుకు ఉన్న బలం వీటిలో దేనికీ తీసిపోదు. షాకు కోసం ఎదురుచూస్తున్న భార్య చేతిని భర్త పట్టుకుంటే ఆమె మెదడులో ముప్పు స్పందన తగ్గడాన్ని జేమ్స్ కోన్ 2006లో స్కానర్‌తో చూపాడు. కాపురం ఎంత సఖ్యంగా ఉంటే అంత ఎక్కువగా తగ్గింది.

నిలవని పద్ధతులు

ప్రమాదం జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి అంతా చెప్పించే డీబ్రీఫింగ్ 1980ల నుంచి బాగా వ్యాపించింది. ఒక్క విడత డీబ్రీఫింగ్ ఆఘాత రుగ్మతను నివారించదని కాక్రేన్ సమీక్ష తేల్చింది. రోడ్డు ప్రమాద బాధితులను మూడేళ్ల తరువాత మళ్లీ చూసిన బ్రిటన్ అధ్యయనంలో ఆ సేవ పొందినవారి స్థితే అధ్వానంగా ఉంది. దాని స్థానంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 నుంచి మానసిక ప్రథమ చికిత్సను సూచిస్తోంది: చుట్టూ చూడటం, చెప్పింది వినడం, కావలసిన సాయంతో కలపడం. బలవంతంగా ఏదీ చెప్పించరు. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో మరణశయ్య మీద ఉన్న రోగుల గురించి రాసిన అయిదు దశలను కార్పొరేట్ శిక్షకులు ప్రతి మార్పుకూ అంటగడుతున్నారు. మనుషులు ఆ వరుసలో నడుస్తారనడానికి గట్టి ఆధారం లేదు.

ఎవరి బాధ్యత?

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం వద్ద తీరం దాటిన తుపాను తీవ్రతలో దానికి తీసిపోనిది. మృతులు వెయ్యిలోపే. పదమూడేళ్లలో కృష్ణా డెల్టా ప్రజల గుండెధైర్యం పదింతలు పెరగలేదు. హెచ్చరికలు మెరుగయ్యాయి, లక్షన్నరకు పైగా జనాన్ని ముందుగానే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. ప్రాణం నిలిచాకే మానసిక నిబ్బరం గురించి మాట.

మనుషుల ధైర్యానికీ చుట్టూ ఉన్న ఏర్పాట్లకూ మధ్య ఉన్న ఈ తేడాను కార్యాలయాలు తరచూ మరచిపోతాయి. పనివేళలు, జీతం, మనుషుల కొరత అలాగే ఉంచి సిబ్బందికి ధ్యానం యాప్ ఇవ్వడం చవక. బ్రిటన్‌లో 233 సంస్థలకు చెందిన 46,336 మంది ఉద్యోగుల వివరాలను ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ 2024లో విశ్లేషించాడు. నిబ్బరం శిక్షణ, ధ్యానం, యాప్‌ల వంటి వ్యక్తిగత కార్యక్రమాల్లో పాల్గొన్నవారి మానసిక స్థితి పాల్గొననివారి కంటే మెరుగ్గా లేదు. ఒకేసారి పరిశీలించిన సమాచారం కనుక కారణాన్ని తేల్చలేదన్న విమర్శ దీనిమీద ఉంది. అయినా అన్యాయమైన పరిస్థితికి సర్దుకుపోవడాన్ని నిబ్బరమని పిలిచే ధోరణికి ఇది తగిన హెచ్చరికే. కెనడా పరిశోధకుడు మైఖేల్ ఉంగర్ చాలాకాలంగా చెబుతున్నదీ ఇదే. మనిషి తనకు కావలసిన వనరులను వెతుక్కోగలగాలి, సమాజం వాటిని అందుబాటులో ఉంచాలి. రెండోది లేకుండా మొదటిదాన్ని ఉపదేశించడం వృథా.

మార్పు తరువాతి దిగులు చాలామందిలో వారాల్లో సద్దుమణుగుతుంది. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస దెబ్బతినే ఉంటే, బతకడం దండగన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, వైద్య సాయం తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా, రాత్రీ పగలూ ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.